గొడుగమ్మ మొక్కుబడి

బూట్ల గొడవ పొద్దున్న కాఫీల దగ్గర మొదలై మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా చల్లారలేదు. బల్ల మీద మంచినీళ్ళ జగ్గు పక్కన ఆరు అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇంటిల్లిపాదికీ కోడలు కొని తెచ్చిన కొత్త బూట్లవి. అత్తగారు పెట్టెల్ని ఓ పక్కకి నెట్టి కూరగిన్నె పెట్టింది. కోడలు కూరగిన్నెని జరిపి పెట్టెల్ని మళ్ళీ మధ్యకి తెచ్చింది.

"వాపసు ఇచ్చెయ్యమ్మా," అంది అత్తగారు, కోపమేమీ లేకుండానే. "కొత్త బూట్లతో పుణ్యక్షేత్రానికి వెళ్ళినవాళ్ళెవరూ మరియమాతని చూసి రాలేదు. కాలి బొబ్బల్ని చూసుకుని వచ్చారు."

"ఇవి మెత్తనివి అత్తయ్యా. మబ్బుల మీద నడిచినట్టుంటుందని షాపతను చెప్పాడు."

"షాపతను మనతో వస్తున్నాడా?"

మనవరాలు కిసుక్కున నవ్వింది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కొడుకు తన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోసాగాడు. ఇలాంటప్పుడు అది అతని అలవాటు. కళ్ళజోడు లేకపోతే అమ్మా పెళ్ళామూ ఇద్దరూ ఒకే రకంగా మసకగా కనిపిస్తారు కాబట్టి ఎవరి పక్షమూ చేరక్కర్లేదు. కుళాయిల మేస్త్రీగా పనిచేసి రిటైరైన మామగారు మాత్రం అప్పటికే బల్ల కింద ఒక కాలికి కొత్త బూటు తొడిగేసి వేళ్ళు ఆడించి చూసుకుంటున్నాడు. ఆయన అక్కగారు అంతకంటే తెలివైనది. తన జత తనకి ఇచ్చేస్తే బీరువాలో పెట్టుకుంటాననీ, వాటితో నడిచే ఉద్దేశం తనకి మొదట్నుంచీ లేదనీ, ఇందులో గొడవపడడానికేముందనీ ఆవిడ వాదం.

ప్రయాణం విషయంలో అత్తగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆమె చేసే పని కర్టెన్లు కుట్టడం. వీధి వైపు గదిలో రెండు మిషన్లు, గోడ పొడుగునా గుడ్డ తానులు, ఇళ్ళకీ హోటళ్ళకీ కొలతలు తీసుకెళ్ళే టేపు ఎప్పుడూ మెడలోనే. అయినా చర్చిలో ఆమెని కర్టెన్లావిడ అని ఎవరూ అనరు, గొడుగమ్మ అంటారు. ఏటా చర్చి నుంచి రెండు బస్సుల జనం మరియమాత పుణ్యక్షేత్రానికి బయలుదేరినప్పుడు అందరికంటే ముందు పసుపుపచ్చ గొడుగు పైకెత్తి పట్టుకుని నడిచేది ఆమే. అంత పెద్ద ఆవరణలో, అన్ని దేశాల జనంలో, తప్పిపోయినవాళ్ళు తలెత్తి చూస్తే చాలు, పసుపుపచ్చ రంగు కనిపిస్తుంది. ఆ గొడుగుని ఆమె ఇంతవరకూ తెరవలేదు. వాన పడితే తను తడుస్తుంది కానీ దాన్ని తెరవదు. తెరిస్తే అది కూడా నలుగురి గొడుగుల్లో ఒకటైపోతుందనీ, మూసి ఉన్నంతసేపే అది జెండా అనీ ఆమె లెక్క.

అక్కడ ఆమెకి తెలియని మూల లేదు. గోపురం ఎక్కి ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళ వరుస వేరు, ప్రార్థనకి వచ్చినవాళ్ళ వరుస వేరు అని ఆమెకి తెలుసు. ప్రార్థనకని చెబితే పక్క ద్వారం నుంచి పంపిస్తారనీ, ఆ సంగతి తెలియక సగం మంది ఎండలో పెద్ద వరుసలో నిలబడి ఉసూరుమంటారనీ తెలుసు. భుజాలు కప్పుకోకపోతే వాకిట్లోనే ఆపేస్తారు కాబట్టి సంచిలో ఎప్పుడూ నాలుగు పల్చటి శాలువాలు ఉంచుతుంది. కర్టెన్లు కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టినవే. "గుమ్మం దగ్గర కలుద్దాం" అని ఎవరైనా అంటే ఊరుకోదు. అక్కడ గుమ్మాలు బోలెడు, గడియారం ఒక్కటే కనక గడియారం కింద కలుద్దామనాలంటుంది.

ఇన్ని తెలిసిన మనిషికి అక్కడ తీరని పని ఒకటుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి తెలిసి పాతబడిపోవడం వల్ల దాన్నెవరూ పట్టించుకోరు.

మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. గాజు పెట్టెలో పెట్టారు. ఆ రోజుల్లో ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె మాతకి మొక్కుకుంది. అందరూ మోకాళ్ళ మీద నడుస్తామనీ, తమ ఎత్తు కొవ్వొత్తి వెలిగిస్తామనీ మొక్కుకుంటారు. తను చేయగలిగిందే మొక్కుకోవాలనుకుని ఆమె చాలా తేలికైనది ఎంచుకుంది. 'ఈ బిడ్డ ఇంటికొస్తే, నీ దగ్గరికొచ్చి, సాయంత్రం గంట కొట్టిన దగ్గర్నుంచి తలుపులు మూసేదాకా కూర్చుంటాను. ఏమీ అడగను. ఊరికే కూర్చుంటాను.'

బిడ్డ ఇంటికొచ్చింది. పాకింది, పరిగెత్తింది, ఇప్పుడు ముందు పళ్ళు ఊడగొట్టుకుని కిసుక్కున నవ్వుతోంది. ఆ కూర్చోవడం మాత్రం కుదరలేదు. ఏటా వెళ్తూనే ఉంది, ఏటా ఎవరో ఒకరు లేపేస్తూనే ఉన్నారు. ఒకసారి బెంచీ మీద అలా ఆనిందో లేదో, పాటల బృందంలో ముసలావిడకి కళ్ళు తిరిగాయని కబురొచ్చింది. ఇంకోసారి గంట కొట్టీ కొట్టగానే, ఇద్దరు అన్నదమ్ములు వేరేవాళ్ళ బస్సెక్కి పోయారని తెలిసింది. కిందటేడు మరీ విడ్డూరం. అందరూ క్షేమంగా ఉన్నారనుకుని మాత స్వరూపం ఎదురుగా కూర్చుంటే, ఉపదేశి గారు పిల్లిలా వచ్చి చెవి దగ్గర వంగి, "అమ్మా, మరుగుదొడ్లు ఎటు?" అన్నాడు.

అందుకే ఈసారి ఇంటివాళ్ళం మాత్రమే వెళ్దామని కొడుకు అన్నప్పుడు ఆమె లోలోపల గట్టిగానే ఆశపెట్టుకుంది.

ప్రయాణం ఏర్పాట్లు కోడలు తన చేతిలోకి తీసుకుంది. ఆ అమ్మాయి బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పడమే ఆమె ఉద్యోగం. ఇంటినీ అలాగే నడుపుతుంది, బాగానే నడుపుతుంది. ఇప్పుడు కూడా భోజనాలవుతుండగానే ఫోను చూస్తూ శనివారం కార్యక్రమం వినిపించింది. తెల్లవారుతూనే రైలు దిగడం, గదిలో సామాన్లు, పొద్దున పూజ, గోపురం ఎక్కడం, భోజనం, మ్యూజియం, దుకాణాలు, చీకటి పడకుండా మళ్ళీ స్టేషను. అన్నిట్లోనూ ముందు అత్తయ్య, ఆమె చేతిలో గొడుగు.

"శనివారం వద్దమ్మా, ఇసకేస్తే రాలదు," అంది గొడుగమ్మ. "మామూలు రోజు చూడు. మంగళవారమో బుధవారమో."

కోడలు మంగళవారం బడి ఉందంది. కొడుకు షాపు ఉందన్నాడు. ఆ మాటా నిజమే.

"సరే. మరి సాయంత్రం గంట నుంచి తలుపులు మూసేదాకా నేను కూర్చోవాలి. దానికి చోటేదీ?"

కోడలు ఫోనులో పైకీ కిందకీ వెతికింది. ఎక్కడా లేదు. తలుపులు మూసేదాకా ఉంటే రైలు వెళ్ళిపోతుంది.

"చూశావా, అంచు మడవడానికి గుడ్డ వదల్లేదు నువ్వు," అంది అత్తగారు. "కిటికీ ఎంతుందో అంతే కత్తిరించావు. ఇలాంటి కర్టెను తగిలిస్తే పొట్టిదైపోతుంది."

"అత్తయ్యా, మీరు గుడ్డ వదులుతారు. మేం వదిలితే బస్సులు లేటంటారు."

ఇద్దరూ నవ్వుకున్నారు కానీ చోటు మాత్రం దొరకలేదు. కొడుకు మధ్యేమార్గం చెప్పాడు. వాళ్ళంతా గోపురం ఎక్కి దిగేలోపు అమ్మ ఓ పావుగంట కూర్చోవచ్చు. టైము చూస్తాడా దేవుడు, మనసుంటే చాలదా అన్నాడు. మామగారు ఇంకో అడుగు ముందుకేసి, తను రైలు మానేసి తోడుగా పక్కనే కూర్చుంటానన్నాడు. ఆయన మంచితనం మీద ఆమెకి ఏ అనుమానమూ లేదు. కాకపోతే ముప్పై ఏళ్ళుగా చర్చిలో ఆయన పక్కన కూర్చుంటోంది. కూర్చున్న కాసేపటికే దగ్గుతాడు, ఆ తర్వాత 'ఇంకెంతసేపు' అన్నట్టు చూస్తాడు. ఎక్కడైనా నీటిచుక్క పడుతున్న శబ్దం వినిపిస్తే లేచి ఆ కుళాయి వెతుక్కుంటూ వెళ్ళిపోతాడు.

"చూద్దాంలెండి," అని ఆమె కంచాలు తీసింది. ఆమె 'చూద్దాం' అన్నదంటే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

భోజనాల తర్వాత మిషను ముందు కూర్చుంది. ఒక లాడ్జీవాళ్ళకి లేతనీలం కర్టెన్లు, పై అంచుకి కుచ్చులు పట్టాలి. సగంలో ఫోను మోగింది. చర్చిలో కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయి, వాయిస్ మెసేజి పెట్టింది. తనూ, భర్తా మొదటిసారి పుణ్యక్షేత్రానికి వెళ్తున్నారట. ఏం తీసుకెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఒక్క రోజులో అయిపోతుందా, ఆంటీ కాస్త చెప్పాలట.

ఇలాంటివి వారానికొకటైనా వస్తాయి. గొడుగమ్మకి చదవడం కంటే చెప్పడం హాయి. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఎదురుగా బస్సెడు జనం ఉన్నట్టే మొదలుపెట్టింది.

"చూడమ్మా. మొదటి సంగతి, గది ఆవరణకి ఎదురుగా తీసుకోవద్దు. గంటలు కొడితే మంచం ఊగుతుంది. వెనక వీధిలో తీసుకో, నడక రెండడుగులు ఎక్కువైనా నిద్ర పడుతుంది. పొద్దున్నే మొదటి పూజకి వెళ్ళిపో. అప్పుడు ఊడ్చేవాళ్ళూ, సిస్టర్లూ, నువ్వూ అంతే ఉంటారు. బరువైన బ్యాగు తేవద్దు, వాకిట్లో అన్నీ విప్పి చూస్తారు. కొవ్వొత్తులు బస్టాండులో కొనద్దు, అవి సగం కాలి వంగిపోతాయి. లోపల కానుకల పెట్టె పక్కనే ఉంటాయి, చిల్లర వేసి తీసుకోవడమే. జపమాలలు ఆశీర్వాదం చేయించాలంటే ముందు కొనుక్కుని, పూజయ్యాక ఫాదర్ గారు పక్క గదికి వెళ్ళేలోపు పట్టుకో, తర్వాత దొరకరు. పాపసంకీర్తనం చేయాలనుకుంటే, ఫాదర్లు కూర్చుని మన పాపాలు వినే చెక్క పెట్టెల్లో దేని మీద దీపం వెలుగుతోందో చూడు, దాని మీద ఆ ఫాదరుకి ఏయే భాషలొచ్చో రాసుంటుంది. మన భాష లేకపోతే దిగులుపడకు, పాపాలు అన్ని భాషల్లోనూ ఒకటే. తీర్థం సీసా మూత తిప్పి, బోర్లించి చూసి మరీ సంచిలో పెట్టు. మా వదినగారు చూడకుండా పెట్టి పట్టుచీరకి స్నానం చేయించారు."

ఊపిరి తీసుకుని చివరి ప్రశ్నకి వచ్చింది.

"ఒక్క రోజులో అవుతుందా అంటావా? మొక్కుబడిగా అయితే ఒక్క పూట చాలమ్మా. మొక్కుబడి ఉంటే మాత్రం సాయంత్రం వదులుకోకు."

పంపే ముందు ఒకసారి విని చూసుకోవడం ఆమె పద్ధతి. కుట్టిన కర్టెన్ని దులిపి వెలుతురులో పెట్టి చూసినట్టే. ఫోను మిషను బల్ల మీద పెట్టి, కుచ్చులు పడుతూ వింది. గది, కొవ్వొత్తులు, దీపం, సీసా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ వింది. గొంతు తనదే. బస్సుల కొద్దీ జనం నమ్మి వెనకాల నడిచిన గొంతు. అంత ధీమాగా, పరాయి పిల్లకి చెప్పినట్టే తనకీ చెబుతోంది. మొక్కుబడిగా అయితే ఒక్క పూట చాలు. మొక్కుబడి ఉంటే సాయంత్రం వదులుకోకు.

"భలే అన్నారత్తయ్యా," అంది కోడలు గుమ్మంలోంచి, టీ గ్లాసుతో. ఎప్పుడొచ్చిందో. "ఒకే మాటని అటూ ఇటూ తిప్పి కుట్టేశారు."

"అది నేను కుట్టింది కాదమ్మా. మాటే అలా ఉంది. బాకీ తీర్చడానికీ అదే మాట, తీర్చినట్టు నటించడానికీ అదే మాట."

మెసేజి పంపించేసింది. మార్చాల్సిందేమీ లేదు, సలహా సరైనదే. ఇన్నేళ్ళూ అది ఇంట్లోనే ఉన్నా, ఊరందరికీ పంచి తన వంతు తీసుకోవడం మర్చిపోయింది. టీ తాగుతూ కాసేపు లేతనీలం గుడ్డ వంక చూసింది. దిగులేమీ వేయలేదు. కొలత దొరికాక కత్తెర ఎక్కడ పెట్టాలో చేతికే తెలిసిపోయినట్టు అనిపించింది.

"ఇలా రా," అని కోడల్ని పిలిచి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న పసుపుపచ్చ గొడుగు తీసి చేతికిచ్చింది. "పట్టుకో."

కోడలు చెయ్యి నిటారుగా పైకెత్తింది.

"అలా కాదు, కాసేపటికి భుజం పీకేస్తుంది. మోచెయ్యి నడుముకి ఆనించు. ఆఁ, అలా. మలుపు తిరిగే ముందు ఆగు, తిరిగాక కాదు. తలకాయలు లెక్కపెట్టకు, జతలు చూసుకో. ఎవరి పక్కవాళ్ళు వాళ్ళకి ఉన్నారా అని. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టుకో. మీ మావయ్య ఎక్కడైనా నీళ్ళ చప్పుడు వింటే ఆగిపోతారు, అక్కడ చెయ్యి పట్టుకో."

"ఇవన్నీ నాకెందుకత్తయ్యా? మీరుంటారుగా."

"నేర్చుకుంటే పోయేదేముంది. నడువు, హాల్లోకి."

కోడలు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, మలుపు ముందు ఆగి, తిరిగి వచ్చింది. డిపోలో బస్సులకి చెయ్యూపే అలవాటు వల్లనేమో గొడుగు ఆ చేతిలో బాగానే కుదిరింది. మనవరాలు వెనకాల చేరింది. మామగారు ఒక కాలికి కొత్తదీ ఒక కాలికి పాతదీ వేసుకుని ఆ వెనకాల చేరాడు. గొడుగమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తను లేని వరుసని చూడ్డం అదే మొదటిసారి. వరుస బాగానే నడిచింది.

"బూట్లు వాపసు ఇవ్వద్దులే," అంది. "కానీ శనివారం దాకా ఇంట్లో ఇవే తొడుక్కుని తిరగండి. వంటింట్లోకీ, మేడ మెట్ల మీదకీ, ఎక్కడికైనా ఇవే. బొబ్బలెక్కితే ఇక్కడే ఎక్కనీ, మందు ఇంట్లో ఉంటుంది."

కోడలు పెట్టెలు విప్పింది. గెలిచానో ఓడానో తెలియని మొహం పెట్టి అందరికీ పంచింది. గొడుగమ్మ ఆడపడుచు మాత్రం తన జతని అప్పటికే బీరువాలో పెట్టేసుకుంది. కానీ అందరి కాళ్ళకీ చూశాక ఆవిడకీ మనసు పీకి, బీరువా తెరిచి తెచ్చుకుంది.

సాయంత్రానికి ఇల్లంతా కిర్రు కిర్రు. ఎవరు ఏ గదిలో ఉన్నారో చూడకుండానే తెలిసిపోతోంది. చీకటి పడి అందరూ మళ్ళీ బల్ల చుట్టూ చేరేసరికి బల్ల కింద కొత్త బూట్లు వరసగా ఉన్నాయి, ఒక్క గొడుగమ్మ కాళ్ళకి మాత్రం పాత చెప్పులే. ఆమె జత పెట్టెలోనే ఉంది. అది మొదట గమనించింది ఆడపడుచే.

"మాకందరికీ నీతులు చెప్పి నువ్వు తొడుక్కోవేం మరదలా? శనివారం నీ కాళ్ళకి బొబ్బలు రావా?"

గొడుగమ్మ అందరికీ వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది. గొంతు పెంచలేదు. మామూలుగా రేపటి కూర సంగతి చెప్పినట్టే చెప్పింది.

"నేను శనివారం మీతో రావడం లేదు వదినా. మంగళవారం వెళ్తున్నాను, ఒక్కదాన్నే. సాయంత్రం గంట నుంచి తలుపులు మూసేదాకా కూర్చుంటాను. రాత్రి సిస్టర్ల దగ్గర గది తీసుకుని, పొద్దున్నే మొదటి పూజ చూసుకుని వచ్చేస్తాను. శనివారం గొడుగు కోడలు పట్టుకుంటుంది. మధ్యాహ్నం చూశాను, బాగా పట్టుకుంటోంది."

కొడుకు చెయ్యి కళ్ళజోడు మీదకి వెళ్ళింది కానీ, ఈసారి తీయలేదు. కళ్ళజోడులోంచే అమ్మని చూశాడు.

"ఒక్కదానివే?" అంది ఆడపడుచు. "తోవ తెలుసా నీకు?"

అన్నాక కానీ ఆవిడకి తను ఎవరిని ఏం అడిగిందో తట్టలేదు. ముందు మనవరాలు నవ్వింది, తర్వాత అందరూ, చివరికి ఆవిడా నవ్వింది. నవ్వు తగ్గాక కోడలు ఫోను తీసింది కానీ చూడలేదు, ఆ అమ్మాయికి చూడక్కర్లేదు. "మంగళవారం మొదటి బస్సు తెల్లారుతూనే ఉంది అత్తయ్యా. డ్రైవరుకి చెప్తాను, స్టేషను గుమ్మం ముందే దింపుతాడు," అంది.

మామగారు మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాడు. తోడొస్తానని మళ్ళీ అనాలని ఉంది, అనకూడదని తెలుస్తోంది. బూటు కిర్రుమనిపించి, చివరికి తనకి చేతనైన ప్రశ్న అడిగాడు.

"పసుపుపచ్చది కోడలికిచ్చేస్తే, మరి నీకు? వాన పడితే?"

"నల్లది తీసుకెళ్తానండీ," అంది ఆమె. "వాన పడితే తెరుస్తాను."